రెండేళ్ల గడువు, నలభై ఏళ్ల జబ్బు

డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి స్మారకోపన్యాసం, ఫిల్మ్ నగర్

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ లైట్‌మెన్, సెట్ వర్కర్లు కొంచెం ముందుకు రండి. ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ్టి మాట ముఖ్యంగా మీతోనే.

ప్రభాకర్ రెడ్డి గారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు నాకు ముందుగా రెండు సంగతులు గుర్తొచ్చాయి. తుంగతుర్తి నుంచి వచ్చి ఉస్మానియాలో వైద్యం చదివిన మనిషి ఆయన. పేరు ముందున్న ‘డాక్టర్’ ఆయన చదివి తెచ్చుకున్నది. 1960లో ‘చివరకు మిగిలేది’తో తెర మీదికి వచ్చి, నాలుగు వందలకు పైగా సినిమాల్లో నటించి, 1997లో కన్నుమూశారు. రెండో సంగతి, సినీ కార్మికుడికి సొంత ఇల్లుండాలని ఆయన పడ్డ తపన. చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నాం. రోగి నాడి పట్టడం నేర్చుకున్నవాడు కూలీ మనిషి ఇంటి కప్పు గురించి ఆలోచించాడు. నేను ఎంచుకున్న విషయంలో ఊపిరీ ఉంది, ఇంటి కప్పూ ఉంది.

నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లుగా కార్మిక నష్టపరిహారం కేసులు నడుపుతున్న వకీలుని. ఆస్బెస్టాస్ వల్ల క్యాన్సర్ వచ్చిన కార్మికుడికి పరిహారం ఇస్తానని మన చట్టం పేరుపెట్టి మరీ రాసుకుంది. అయినా ఆ డబ్బు చేతికి అందడం చాలా కష్టం. చనిపోతున్న మనిషిని చట్టం అడిగే రుజువు అతని దగ్గర ఎన్నడూ ఉండేది కాదు. దాన్ని దాచి ఉంచాల్సినవాళ్లు వేరే ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మెట్టు మెట్టుగా చెబుతాను.

1. రాతినార

ఆస్బెస్టాస్‌కు మన భాషలో చక్కని పేరుంది, రాతినార. రాయే, కానీ నారలా పీచు పీచుగా విడిపోతుంది. నిప్పుకు కాలదు, నీటికి చివకదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రకం, అంటే క్రిసోటైల్, భూమిలోనే దొరికేది. దాని కోసం గనులు తవ్వారు. 1986లో కేంద్ర ప్రభుత్వం కొత్త లీజులు ఇవ్వడం ఆపేసింది. తవ్వకానికి అలా అడ్డు పడింది గాని వాడకానికి పడలేదు. రష్యా నుంచి, కజకిస్తాన్ నుంచి, బ్రెజిల్ నుంచి ఏటా లక్షల టన్నులు ఓడల్లో దిగుతూనే ఉంది.

అందులో ఎక్కువ భాగం సిమెంటు రేకుల్లోకే పోతుంది. రేకులో సుమారు పదోవంతు రాతినార, మిగతాది సిమెంటు. హైదరాబాదుకు ఈ పని కొత్త కాదు. సనత్‌నగర్‌లోని ఆస్బెస్టాస్ సిమెంటు కంపెనీ 1946లో పుట్టింది. చార్మినార్ రేకు అంటే తెలియని పల్లె తెలుగునాట ఉండకపోవచ్చు. తాటాకు కప్పు అంటుకుని ఊళ్లకు ఊళ్లు తగలబడే రోజుల్లో ఈ రేకు నిజంగానే పేదవాడికి ధైర్యం ఇచ్చింది. ఆ సంగతి కాదనకూడదు. ‘రేకుల ఇల్లు’ అన్న మాట మనకు ఆదాయ ధ్రువపత్రం లాంటిది. పిల్లనివ్వడానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది స్లాబు ఇల్లా, రేకుల ఇల్లా అనే. ఈ హాలు బయట నిలబడి కిందికి చూడండి. జూబ్లీహిల్స్ బంగళాలు ఒక పక్క, ఫిల్మ్ నగర్ బస్తీ కప్పులు ఒక పక్క. ఆ కప్పుల కింద ఉండేది మన యూనిట్ల వాళ్లే.

ఇక్కడ ఒక మాట. ఇంటికి వెళ్లి భయంతో రేకులు పీకేయకండి. పగలకుండా, కదలకుండా ఉన్న రేకు నుంచి ప్రమాదం తక్కువ. కోసినప్పుడు, బెజ్జం వేసినప్పుడు, పగిలినప్పుడు కంటికి కనిపించని పీచు గాలిలోకి లేస్తుంది. తీయక తప్పకపోతే నీళ్లతో తడిపి తీయండి. పొడిగా ఉండగా చీపురు పట్టకండి.

మన సినిమాల్లో ఫైటర్ రేకుల కప్పు పగులగొట్టుకుని కింద పడే దృశ్యం లెక్కలేనన్నిసార్లు చూశాం. అక్కడ పెట్టిన రేకు ఏ రకమో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పాలి. ఆ మాట ఫైటర్‌కు షాట్‌కు ముందే చెప్పాలి. వేడెక్కిన లైట్లు పట్టుకోవడానికి ఒకప్పుడు ప్రపంచమంతటా స్టూడియోల్లో ఆస్బెస్టాస్ గ్లోవ్స్ వాడారు. వాటిని తొడుక్కున్న చేతులకు ఇప్పుడు డెబ్భై ఏళ్లు నిండి ఉంటాయి.

2. నలభై ఏళ్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్బెస్టాస్ రకాలన్నిటినీ, తెల్లదాన్ని కూడా కలిపి, మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా తేల్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్, గొంతులో స్వరపేటిక క్యాన్సర్, ఆడవాళ్లలో అండాశయ క్యాన్సర్, వీటితో పాటు మీసోథీలియోమా. చివరిది ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పలచని పొరకు పట్టే క్యాన్సర్. పీచు లోపలికి వెళ్లిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు గాని అది బయటపడదు. బయటపడ్డాక చాలామంది ఏడాది అటూ ఇటుగానే బతుకుతారు.

మొదటి లక్షణం తరచు ఆయాసం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం. నీరు చేరిందంటే మన దగ్గర ఎవరికైనా ముందు తట్టేది టీబీ. డాక్టర్లను తప్పుపట్టను, మన దేశంలో టీబీ అంత ఎక్కువ. కానీ ఇటలీలో రమజ్జీని అనే వైద్యుడు 1700లోనే వృత్తి వ్యాధుల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడిగే ప్రశ్నల్లో ‘నువ్వేం పని చేస్తావు’ అన్నది కూడా చేర్చమన్నాడు. ఆస్బెస్టాస్ విషయంలో ఆ ప్రశ్న కూడా చాలదు. ‘ఇరవై ఏళ్ల వయసులో ఏం పని చేశావు’ అని అడగాలి.

నా దగ్గరికి వచ్చిన ఒక కార్పెంటర్ సంగతి చెబుతాను. పేరు చెప్పను. పాలమూరు వైపు మనిషి. పందొమ్మిదో ఏట నగరానికి వచ్చి నాలుగేళ్లు ఒక రేకుల గోడౌన్‌లో పని చేశాడు. తర్వాత రేకులు వేసే మేస్త్రీ వెంట తిరిగాడు. ఆ పైన ముప్పై ఏళ్లు సెట్ల పని, ఎందరో నిర్మాతల దగ్గర. అరవై దాటాక ఆయాసం మొదలైంది. ఒకసారి కాదు, రెండుసార్లు టీబీ మందుల కోర్సు వాడించారు. చివరికి ముక్క తీసి పరీక్ష చేస్తే మీసోథీలియోమా అని తేలింది. నేను గోడౌన్ గురించి అడిగితే, ‘సారూ, ఎప్పుడో పిల్లగాడిగ ఉన్నప్పుడు చేసిన పని, దానికీ దీనికీ ఏం సంబంధం’ అన్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య అందుకుంది. ‘ఆయన బట్టలు నేనే ఉతికేదాన్ని సారూ, నీళ్లు బూడిద లెక్క అయ్యేవి’ అంది. ఆ మాట విన్నాక నాకు ఆవిడ గురించి కూడా భయం పట్టుకుంది. పనివాళ్ల బట్టలు ఉతికిన ఇల్లాళ్లకు ఇదే క్యాన్సర్ వచ్చిందని 1965లోనే లండన్‌లో డాక్టర్లు రాశారు.

సినిమావాళ్లకు బాగా తెలిసిన పేరు ఒకటి చెబుతాను. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ 1980 నవంబరు 7న యాభయ్యో ఏట ఈ క్యాన్సర్‌తోనే పోయాడు. కుర్రతనంలో మెరైన్ దళంలో ఉన్నప్పుడు ఓడ గొట్టాలకు చుట్టిన ఆస్బెస్టాస్ అన్నారు. కార్ల రేసుల్లో వేసుకున్న దుస్తులన్నారు. స్టూడియోలన్నారు. రోజురోజు జీవితం పుస్తకాలకెక్కిన నటుడి విషయంలోనే పీచు ఎక్కడ దూరిందో ఒక్క మాటలో తేలలేదు. మా కార్పెంటర్ జీవితాన్ని ఎవరు రాసి పెట్టారు?

3. రెండేళ్లు

ఇప్పుడు చట్టం. మన నష్టపరిహార చట్టం 1923 నాటిది. ఇప్పుడది 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఆ కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది, వృత్తి వ్యాధుల జాబితా అందులోనూ ఉంది. నేను నడిపిన కేసులన్నీ పాత చట్టం కిందివే కాబట్టి దాని లెక్కలే చెబుతాను.

పాత చట్టం మూడో షెడ్యూల్ తీసి చూడండి. బి భాగంలో ‘ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా’ అని పేరుపెట్టి ఉంది. ఆరు నెలలు తగ్గకుండా ఒక యజమాని దగ్గర ఆ పనిలో ఉన్న మనిషికి, ఆ పనిలో ఉండగా ఈ జబ్బు వస్తే, పని వల్లే వచ్చిందని చట్టం ముందే నమ్ముతుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది యజమాని. ఇంతకంటే న్యాయమైన నియమం ఇంకెక్కడుంటుంది?

అయితే ‘పనిలో ఉండగా’ అన్న షరతు ఉంది చూడండి. నలభై ఏళ్లకు బయటపడే జబ్బు పనిలో ఉండగా ఎవరికి వస్తుంది? అప్పటికి మనిషి ఆ పని ఎప్పుడో మానేసి ఉంటాడు. పని మానేశాక జబ్బు వస్తే చట్టం తలుపు మూయదు గాని, బరువు మాత్రం చేతులు మారుతుంది. ఆ జబ్బు ఆ పని వల్లే వచ్చిందని రుజువు చేయాల్సింది ఇప్పుడు కార్మికుడు. యజమాని భుజం మీద ఉండాల్సిన మూట ఆయాసపడుతున్న ముసలివాడి భుజం మీదికి వచ్చింది.

గడువు నియమం చూడండి. పరిహారం దరఖాస్తు ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు పెట్టాలి. కాలు విరిగినవాడికి ప్రమాదం తేదీ తెలుసు. జబ్బుకు తేదీ ఏది? దానికి పదో సెక్షన్ ఒక దారి చూపింది. పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు కనిపిస్తే, అవి మొదట కనిపించిన రోజునే ప్రమాదం జరిగినట్టు లెక్క వేస్తుంది. చర్మం కాలే రసాయనాలకు, సీసం విషానికి ఈ రెండేళ్లు సరిపోతాయేమో. రాతినారకు ఎలా సరిపోతాయి? ఈ జబ్బును జాబితాలో చేర్చినవాళ్లు గడువు నియమాన్ని కూడా తిరగేసి చూసి ఉండాల్సింది. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే దరఖాస్తును విచారించే కమిషనర్ మన్నించవచ్చు, నిజమే. కానీ ఒక అధికారి మన్నింపు మీద హక్కు ఆధారపడితే ఆ హక్కుకు బలమెంత? ‘ఇన్నేళ్లు ఏం చేశారు’ అని అవతలి వకీలు అడిగినప్పుడు, ‘జబ్బు నిద్రపోతోంది’ అని నా క్లయింటు ఎలా చెప్పగలడు?

ఇక డబ్బు లెక్క. మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఇచ్చిన అంకెతో హెచ్చవేస్తారు. లెక్కకు తీసుకునే జీతం 2020 నుంచి నెలకు 15,000 రూపాయలు మించదు. ముప్పై ఏళ్లవాడికి అంకె 207.98. అంటే 15,59,850 రూపాయలు. అరవై అయిదు, ఆ పైబడినవాడికి 99.37. అంటే 7,45,275 రూపాయలు. జీవితకాలంలో ఇంకా ఎంత సంపాదించేవాడో చూసి లెక్క కడతారు, ప్రమాదాలకు అది సబబే. ఈ జబ్బులో మాత్రం దెబ్బ తగిలింది ఇరవయ్యో ఏట, లెక్క కట్టేది అరవై అయిదో ఏట. ఆలస్యంగా చంపడమే జబ్బు స్వభావం. ఆ ఆలస్యానికి మూల్యం కూడా కార్మికుడి కుటుంబమే చెల్లిస్తోంది.

4. ఎవరి దగ్గర పని చేశావు?

ఈ ప్రశ్నకు ఫ్యాక్టరీ కార్మికుడి కన్నా మీకు జవాబు కష్టం. రోజు బేటా, ఒక సినిమాకు ఒక నిర్మాత, మధ్యలో కాంట్రాక్టర్. పాతికేళ్లలో ఎన్ని బ్యానర్లు పుట్టాయి, ఎన్ని మూతపడ్డాయి?

ఇక్కడ మన హైదరాబాదు సినిమా హాలు ఒకటి దేశానికి పాఠం చెప్పిందని గుర్తు చేయాలి. రాయల్ టాకీస్ కేసు, 1978, సుప్రీంకోర్టు. హాలులో క్యాంటీన్, సైకిల్ స్టాండ్ నడిపేది కాంట్రాక్టర్లు కాబట్టి అక్కడి పనివాళ్లు తమ ఉద్యోగులు కారని, ఈఎస్ఐ తమకు వర్తించదని హాలు యజమానులు వాదించారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. సినిమాకు వచ్చినవాడికి టీ ఇచ్చేవాడూ, సైకిల్ చూసేవాడూ సినిమా హాలు పనిలో భాగమేనన్నారు. కాంట్రాక్టర్ తెరను తొలగించి వెనక ఉన్న అసలు యజమానిని చూపించిన తీర్పు అది. ఫిల్మ్ నగర్‌లో దాన్ని ఫ్రేమ్ కట్టించి పెట్టుకోవాలి.

చాలామంది యజమానులు ఉన్నప్పుడు మరి? 2002లో బ్రిటన్‌లో అప్పటి అత్యున్నత కోర్టు అయిన ప్రభువుల సభ ఫెయిర్‌చైల్డ్ కేసులో ఈ ప్రశ్ననే ఎదుర్కొంది. ఫెయిర్‌చైల్డ్ అనే ఆ కార్మికుడు చేసిన పనుల్లో కప్పుల మరమ్మతుకు ఆస్బెస్టాస్ రేకులు కోయడం ఒకటి. అరవయ్యో ఏట మీసోథీలియోమాతో చనిపోయాడు. ఏ యజమాని దగ్గర పీల్చిన పీచు ప్రాణం తీసిందో వైద్యశాస్త్రం చెప్పలేదు. కింది కోర్టు అందుకే కేసు కొట్టేసింది. ప్రభువుల సభ తిరగరాసింది. అతన్ని రక్షించాల్సిన బాధ్యత ఉండి, దాన్ని తప్పి, ప్రమాదాన్ని పెంచిన ప్రతి యజమానీ జవాబుదారేనంది. విజ్ఞానశాస్త్రం తేల్చలేని ప్రశ్నను సాకుగా చేసుకుని అందరూ తప్పించుకోవడం కుదరదని దాని సారం. మన కమిషనర్ల ముందు నేను ఈ తీర్పు చదివి వినిపించాను. గౌరవంగా విన్నారు. కానీ ముందుగా ఆ యజమానుల దగ్గర పని చేసినట్టు కాగితం చూపించమన్నారు.

5. కాగితం

ఆ కాగితం ఉండాలని మన సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 1995 జనవరి 27న కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ కేసులో తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన మన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమన్నారు. ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలన్నారు. ఆ కేసులో జబ్బు ధ్రువపడ్డ కార్మికులకు లక్ష రూపాయల చొప్పున ఇవ్వమన్నారు. 2011లో నిషేధం కోరుతూ మరో కేసు వస్తే కోర్టు నిషేధించలేదు గాని, 1995 ఆదేశాలు పాటించి తీరాలని మళ్లీ చెప్పింది.

జబ్బుకు నలభై ఏళ్లు పడుతుందని తెలిసిన న్యాయమూర్తి రికార్డుకూ నలభై ఏళ్లు పెట్టాడు. శాసనం మాత్రం రెండేళ్ల దగ్గరే ఆగిపోయింది. ఈ రెండు అంకెలనూ కలపడమే మన పని. నేను అడిగే నియమం చిన్నది. రికార్డు దాచాల్సిన యజమాని దాన్ని చూపించలేకపోతే, కార్మికుడు చెప్పిందే నిజమని కమిషనర్ తీసుకోవాలి. కాగితం పోగొట్టినవాడికే కాగితం లేకపోవడం లాభం కాకూడదు.

కానీ ఆ తీర్పు ఫ్యాక్టరీ గోడల లోపలి వాళ్లకే ఎక్కువ పనికొచ్చింది. రేకు గోడ దాటి బయటికి వచ్చాక దాన్ని కోసే మేస్త్రీకి, బెజ్జం వేసే కుర్రాడికి, సెట్ కూల్చే కూలీకి రికార్డు పెట్టేదెవరు? పులివెందుల గనుల్లో దిగినవాళ్ల పేర్లు ఇవాళ ఎవరిని అడగాలి?

6. నిధి

యజమాని దొరకనప్పుడు నిధి ఉండాలి. బ్రిటన్ 2014లో బీమా కంపెనీల నుంచి వసూలు చేసి, పాత యజమానిగానీ బీమాగానీ దొరకని మీసోథీలియోమా రోగులకు ఇవ్వడం మొదలుపెట్టింది. జపాన్‌లో 2005లో అమగసాకి ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు జబ్బు వచ్చిందని బయటపడితే, మరుసటి ఏడే చట్టం తెచ్చి కార్మికులు కానివాళ్లకూ సాయం ఇచ్చారు. మా కార్పెంటర్ భార్యలాంటి వాళ్లకు దారి అక్కడుంది. అంత దూరం ఎందుకు? రాజస్థాన్ 2019లో దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులకు విధానం తెచ్చింది. బోర్డు ధ్రువపత్రం ఇస్తే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు. ఏ యజమాని అని రోగిని కోర్టుల చుట్టూ తిప్పదు.

అసలు ఈ పద్ధతి సినిమావాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1981లో పార్లమెంటు సినీ కార్మికుల కోసం చట్టాలు చేసింది. ఒక చట్టం నిర్మాత ప్రతి కార్మికుడితో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలంది. ఇంకో చట్టం ప్రతి సినిమా మీద సెస్సు వేసి సంక్షేమ నిధికి జమ చేయించింది. సెస్సు తర్వాత పోయింది. ఒప్పందం మాట వృత్తి భద్రత, ఆరోగ్యాలకు సంబంధించిన మరో కొత్త కోడ్‌లోనూ ఉంది. అంటే కాగితమూ నిధీ రెండూ నలభై ఏళ్ల కిందటే మన పరిశ్రమ చేతిలో పెట్టారు. దిగుమతయ్యే ప్రతి టన్ను రాతినార మీద అలాంటి సెస్సు వేయమని రెండు తెలుగు ప్రభుత్వాలూ ఢిల్లీని అడగాలి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులు ఇప్పటికే కట్టడం ఖర్చులో నూటికి ఒక రూపాయి చొప్పున సెస్సు తీసుకుంటున్నాయి. రేకులు వేసే మేస్త్రీ క్యాన్సర్‌కు ఆ నిధి నుంచి ఇవ్వడానికి కావాల్సింది ఒక నిర్ణయం.

యూనియన్ల పెద్దలు ఇక్కడున్నారు, వాళ్లను ఒకటి వేడుకుంటున్నాను. చట్టం మారేదాకా ఆగకండి. మీ కార్యాలయంలో ఒక రిజిస్టర్ తెరవండి. సభ్యుడి పేరు, ఏ సినిమా, ఎవరి నిర్మాణం, ఏ తేదీలు, రేకులు కోశాడా, పగులగొట్టాడా, కూల్చాడా, అంతకు ముందు ఏ పని చేసేవాడు. అంతే. వయసు మళ్లిన సభ్యుల దగ్గర మొదలుపెట్టండి, వాళ్లకు వ్యవధి తక్కువ. ఆయాసంతో ఆసుపత్రికి వెళ్లేవాళ్ల చేతికి అందులోని పేజీ నకలు ఇచ్చి పంపండి, డాక్టర్ అడగకపోయినా చూపించమనండి.

మా కార్పెంటర్ కేసులో నా దగ్గరున్న ఆధారాలు రెండే. ఆసుపత్రి పరీక్ష నివేదిక ఒకటి. రెండోది ఆయన యూనియన్ సభ్యత్వ కార్డు. ఏ ఏడు చందా కట్టాడో ఆ ఏటి ముద్ర దాని మీద ఉంది, కొన్ని ముద్రలు చెమటకు అలుక్కుపోయాయి. ఆయన తీర్పు వినకుండానే పోయారు. ఇప్పుడు దరఖాస్తుదారు ఆయన భార్య. వాయిదా ఉన్నప్పుడల్లా ఆవిడ ఆ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కొంగు ముడిలో కట్టుకుని తెస్తుంది. కార్డు కన్నా వెనకటి నాలుగేళ్ల గోడౌన్ పనికి మాత్రం ఆవిడ మాట ఒక్కటే సాక్ష్యం, ఆ బూడిద నీళ్ల మాట. దాన్ని సాక్ష్యంగా రాయించాను. తర్వాతి వాయిదాలో వాదనలు ఉన్నాయి.